ఫిట్స్ బిళ్ళలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు లివర్‌ని ఎలా చూసుకోవాలి: మొదటి టెస్టు నుంచి అన్నీ వరసగా

"ఇన్నేళ్ళు ఈ బిళ్ళలు మింగుతుంటే లివర్ పాడైపోదా అండీ" అని శ్రీకాకుళంలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతారు. అడగనివాళ్ళు ఇంకో పని చేస్తారు, రెండు పూటల బిళ్ళని వాళ్ళంతట వాళ్ళే ఒక పూటకి తగ్గించేసుకుంటారు, లేదా నెలకి పది రోజులు ఆపేసి "లివర్‌కి రెస్ట్ ఇచ్చాను" అంటారు. ఇది లివర్‌ని కాపాడదు సరికదా ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చి ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఇది చదివి డోసు మార్చుకోవద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సరిగ్గా తయారై వెళ్ళడానికి మాత్రమే వాడుకోండి.

1. ముందు మీ బిళ్ళ ఏ మందో తెలుసుకోండి

"తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. స్ట్రిప్ వెనక బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది, అది కావాలి. లివర్ విషయంలో అన్ని ఫిట్స్ మందులూ ఒకటి కావు.

ఫెనిటాయిన్ (ఎప్టాయిన్), కార్బమజెపిన్ (టెగ్రిటాల్, మాజెటాల్), ఫినోబార్బిటోన్ (గార్డినాల్): ఈ మూడూ పాత మందులు, సర్కారు ఆసుపత్రుల్లో ఎక్కువ ఇచ్చేవి. ఇవి లివర్‌లో మందుల్ని కరిగించే ఎంజైములని పెంచుతాయి. దాంతో రిపోర్ట్‌లో కొన్ని నంబర్లు పెరిగి కనిపిస్తాయి, దాని గురించి ఆరో అంకెలో వివరంగా చెప్తాను.

సోడియం వాల్ప్రోయేట్ (వాల్పారిన్, ఎంకోరేట్): లివర్ గురించి అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే. చాలామందికి ఏటీ అవదు, కానీ అరుదుగా అయితే మాత్రం బాగా సీరియస్ అవుతుంది, అది కూడా ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే.

లామోట్రిజిన్, క్లోబజామ్ (ఫ్రిసియం): ఇవీ లివర్‌లోనే కరుగుతాయి, మామూలుగా ఇబ్బంది పెట్టవు. లివర్ ముందే బాగోకపోతే డోసు తగ్గించాలి.

లెవెటిరాసెటామ్ (లెవిపిల్): ఇది ఎక్కువగా కిడ్నీ ద్వారా బయటకి పోతుంది, లివర్ మీద భారం తక్కువ. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా అంతే. మరి అందరికీ ఇదే రాయొచ్చు కదా అంటే, ఒక్కో రకం ఫిట్స్‌కి ఒక్కో మందు పనిచేస్తుంది, కొందరికి లెవిపిల్‌తో విపరీతమైన కోపం చిరాకు వస్తాయి, కిడ్నీ బాగోనివాళ్ళకి డోసు లెక్క వేరు.

2. ఒక నోటుబుక్కు, ఒక ఫైలు

వైజాగ్ కేజీహెచ్‌లో ఒకసారి, ఇక్కడ రిమ్స్‌లో ఒకసారి, మధ్యలో ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒకసారి చూపించుకుని ఏ కాగితమూ దగ్గర లేకుండా నాలుగో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. రిపోర్ట్ అన్నది పాతదాంతో పోల్చి చూస్తేనే పనికొస్తుంది. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 60 వచ్చింది అనుకోండి, పోయినేడాది కూడా 58 ఉంటే ఒక అర్థం, పోయిన నెల 25 ఉంటే పూర్తిగా వేరే అర్థం.

నోటుబుక్కులో ఇవి రాయండి:

- ఫిట్స్ మందు పేరు, ఎన్ని ఎంజీ, ఏ పూట, ఏ నెల నుంచి
- డోసు మార్చిన ప్రతిసారీ తేదీ
- ఫిట్స్ వచ్చిన తేదీలు, ఎంతసేపు
- బరువు, మూడు నెలలకోసారి
- మధ్యలో వాడిన మిగతా మందులన్నీ, జ్వరం బిళ్ళలు, ఆకు మందులు, జిమ్ పౌడర్లు కూడా

ఆ చివరిది అందరూ వదిలేస్తారు, చాలాసార్లు అసలు విషయం అక్కడే ఉంటుంది.

3. మందు మొదలెట్టే ముందే ఒక టెస్టు

బిళ్ళ వేసుకోకముందు లివర్ ఎలా ఉందో తెలిస్తేనే తర్వాత వచ్చిన మార్పు బిళ్ళ వల్లో కాదో తేలుతుంది. అప్పుడు చేయించుకోకుండా ఇప్పటికే ఏళ్ళు గడిచిపోతే కంగారు లేదు, ఇవాళ చేయించిందే మీ మొదటి టెస్టు అనుకోండి.

ఏమేం అడగాలి: ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు టెస్టు, ఇందులో బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆల్బుమిన్ వస్తాయి), సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు టెస్టు), ఒక్కసారి హెపటైటిస్ బి, సి టెస్టులు. హెపటైటిస్ బి లేదని వస్తే టీకా గురించి డాక్టర్‌ని అడగండి, ఏళ్ళ తరబడి మందులు వాడే మనిషి లివర్‌కి ఇంకో జబ్బు తోడవకుండా ఉంటుంది. వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి ప్లేట్‌లెట్లు కూడా తగ్గొచ్చు కాబట్టి సీబీపీ వదలొద్దు.

4. ఎన్నాళ్ళకోసారి చేయించాలి

దీంట్లో డాక్టర్ల మధ్య కూడా తేడా ఉంటుంది, మీ డాక్టర్ చెప్పిందే లెక్క. మామూలుగా జరిగేది ఇలా: వాల్ప్రోయేట్ అయితే మొదటి 6 నెలల్లో రెండు మూడు సార్లు, ఆ తర్వాత 6 నెలలకో ఏడాదికో. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, గార్డినాల్ అయితే మొదటి రెండు మూడు నెలల్లో ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి. లెవిపిల్ ఒక్కటే వాడుతూ బాగున్నవాళ్ళకి క్రియాటినిన్ ముఖ్యం.

నెలనెలా ఎల్‌ఎఫ్‌టీ చేయించుకుంటే ఇంకా సేఫ్ అనుకుంటారు కొందరు, అది డబ్బు దండగ. వాల్ప్రోయేట్ వల్ల వచ్చే సీరియస్ లివర్ దెబ్బ రెండు టెస్టుల మధ్యలో కూడా రావొచ్చు, మొన్న నార్మల్ అని రిపోర్ట్ వచ్చింది కదా అని ఈవాళ్టి వాంతుల్ని కొట్టిపారేయకూడదు.

5. రక్తం ఇచ్చే రోజు

ఎల్‌ఎఫ్‌టీకి మామూలుగా పరగడుపు అక్కర్లేదు, కానీ షుగరు, కొలెస్ట్రాల్ కూడా కలిపి చేయిస్తే పరగడుపున రమ్మంటారు. పరగడుపు అంటే బిళ్ళ కూడా మానేయమని కాదు, గుక్కెడు నీళ్ళతో బిళ్ళ వేసుకోవచ్చు.

ఒక్క సందర్భంలో మాత్రం బిళ్ళకి ముందే రక్తం ఇవ్వాలి. రక్తంలో మందు ఎంత ఉందో చూసే టెస్టు (ఫెనిటాయిన్ లెవెల్, వాల్ప్రోయేట్ లెవెల్) రాస్తే పొద్దున బిళ్ళ వేసుకోకముందు ఇచ్చి, ఇచ్చిన వెంటనే అక్కడే బిళ్ళ వేసుకోండి. బిళ్ళ జేబులో పెట్టుకుని వెళ్ళండి. ఇచ్ఛాపురం నుంచో సాలూరు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా బిళ్ళ లేకుండా లైన్లో నిలబడి, అక్కడే ఫిట్స్ తెచ్చుకోవద్దు.

ఇవి కూడా చూసుకోండి:

- ఫిట్స్ వచ్చి ఒకటి రెండు రోజులే అయితే ల్యాబ్‌లోనూ డాక్టర్‌కీ చెప్పండి. ఫిట్స్‌లో కండరాలు నలిగి ఎస్‌జీఓటీ పెరుగుతుంది, ఆ పెరుగుదల లివర్ వల్ల కాదు. అనుమానం ఉంటే సీపీకే అనే కండరాల టెస్టుతో తేలుతుంది.
- ముందు రోజు బస్తాలు మోసినా, గట్టిగా కసరత్తు చేసినా అంతే.
- అమ్మోనియా (లివర్ శుభ్రం చేయాల్సిన ఒక వ్యర్థం) టెస్టు రాస్తే, తీసిన రక్తం ఐస్‌లో పెట్టి వెంటనే చేసే పెద్ద ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఊళ్ళో తీసి టౌన్‌కి పంపితే ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది.

6. రిపోర్ట్ చదవడం

ఎర్రగానో బోల్డ్‌గానో నంబర్ కనిపిస్తే చాలు ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నెమ్మదిగా ఈ వరసలో చూడండి.

జీజీటీ (ఇంకో లివర్ ఎంజైము) ఎక్కువ ఉందా? ఎప్టాయిన్, టెగ్రిటాల్, గార్డినాల్ వాడేవాళ్ళలో ఇది చాలామందికి పెరుగుతుంది. పలాసలో జీడిపిక్కలు ఎక్కువొచ్చిన సీజన్‌లో ఫ్యాక్టరీవాళ్ళు మనుషుల్ని ఎక్కువ పెట్టుకుంటారు, హాజరు పట్టీలో పేర్లు పెరిగాయని ఫ్యాక్టరీ కూలిపోతుందని ఎవరూ అనరు కదా. లివర్ కూడా మందు కరిగించడానికి ఎంజైములు పెంచుకుంటుంది, జీజీటీ ఆ లెక్కే. మిగతావన్నీ బాగుండి ఇదొక్కటే పెరిగితే దాని కోసం బిళ్ళ ఆపరు. మందు తాగే అలవాటు ఉంటే మాత్రం ఆ మాట దాచకుండా చెప్పాలి, దానికి కూడా ఇదే పెరుగుతుంది.

ఎస్‌జీపీటీ ఎంత? చాలా ల్యాబుల్లో పై హద్దు 40 దగ్గర ఉంటుంది, మీ కాగితంలో పక్కన వేసిన హద్దే చూడండి. హద్దుకి రెండింతల లోపు ఉండి ఒంట్లో బాగుంటే డాక్టర్లు సాధారణంగా కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయిస్తారు. మూడింతలు దాటి, దాంతోపాటు కళ్ళు పచ్చగా ఉన్నా, వాంతులున్నా, కామెర్లు చూపే బిలిరుబిన్ రెండింతలు దాటినా అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన విషయం. ఏమీ లేకుండా ఐదింతలు దాటినా ఆగకుండా చూపించాలి.

బిలిరుబిన్ ఒక్కటే 1.5, 2 దగ్గర ఉండి ఎస్‌జీపీటీ బాగుంటే, ఉపవాసం చేసినప్పుడు జ్వరం వచ్చినప్పుడు కాస్త పెరిగే పుట్టుకతో వచ్చిన తత్వం (గిల్బర్ట్) కొందరికి ఉంటుంది, అందులో భయం లేదు, కానీ ఆ మాట డాక్టర్ తేల్చాలి.

ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే టైము చూసే టెస్టు): లివర్ నిజంగా పనిచేస్తోందా లేదా చెప్పేవి ఇవే. జనం ఎస్‌జీపీటీ చూసి భయపడతారు గానీ ఆల్బుమిన్ 3.5 కన్నా తగ్గినా ఐఎన్‌ఆర్ పెరిగినా ఎక్కువ పట్టించుకోవాలి. ఎప్టాయిన్ వాడేవాళ్ళకి ఆల్బుమిన్ తగ్గితే ఇంకో చిక్కుంది. రక్తంలో లెవెల్ 10 నుంచి 20 మధ్యే, అంటే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఆల్బుమిన్‌కి అతుక్కోకుండా విడిగా తిరిగే మందు ఎక్కువై మనిషి తూలుతాడు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది. తాగాడనుకుని తిడతారు ఇంట్లోవాళ్ళు పాపం.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితే లివరే కాదు, ఎముకల వల్ల కూడా కావొచ్చు. ఆ మూడు పాత మందులూ ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ డి తొందరగా ఖర్చైపోతుంది, నడుం నొప్పులుంటే విటమిన్ డి, కాల్షియం చూపించుకోండి.

స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే, వాల్ప్రోయేట్‌తో బరువు పెరిగేవాళ్ళలో ఇది కనిపిస్తుంటుంది. మూడు పూటలా అన్నం తగ్గించి ఒక పూట చోడి (రాగి) అంబలో జొన్న రొట్టో పెట్టుకోవడం, రోజూ నడవడం, బరువు రాసుకోవడం. ఇవి చేసినా పెరుగుతూనే ఉంటే మందు మార్చే అవకాశం ఉందా అని అడగండి.

7. రిపోర్ట్ కన్నా ముందు ఒళ్ళు చెప్పే గుర్తులు

ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను అంటే ఇది గుర్తుపెట్టుకోండి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

వాల్ప్రోయేట్ వాడే మనిషికి, ముఖ్యంగా మొదటి 6 నెలల్లో:

- ఆగని వాంతులు, అన్నం అంటేనే వికారం
- ఎప్పుడూ లేనంత మగత, నీరసం, మాట తడబాటు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం
- మొహం, కాళ్ళు వాపు
- కళ్ళు, మూత్రం పచ్చబడడం
- చిగుళ్ళ నుంచి రక్తం, ఉత్తినే కమిలిన మచ్చలు
- బాగా కంట్రోల్‌లో ఉన్న ఫిట్స్ ఒక్కసారిగా మళ్ళీ రావడం

ఆ చివరిది చూసి "డోసు సరిపోవట్లేదు" అని ఇంకో బిళ్ళ ఎక్కువ వేసేస్తారు, అది చాలా ప్రమాదం, లివర్ దెబ్బతిన్నప్పుడు కూడా ఫిట్స్ తిరగబెడతాయి. మగతగా ఉండి ఎల్‌ఎఫ్‌టీ మాత్రం బాగుంటే అమ్మోనియా పెరిగి ఉండొచ్చు, అది ఎల్‌ఎఫ్‌టీలో కనిపించదు, ఆ టెస్టు అడిగి చేయించుకోవాలి.

ఎప్టాయిన్, టెగ్రిటాల్, గార్డినాల్, లామోట్రిజిన్ కొత్తగా మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో: జ్వరం, ఒళ్ళంతా ఎర్ర దద్దుర్లు, మెడ దగ్గర బిళ్ళలు కట్టడం, మొహం వాపు, నోట్లో పుండ్లు. ఇది చర్మం ఒక్కదాంతో ఆగదు, లివర్‌ని కూడా పట్టుకుంటుంది. ఆటలమ్మ అనుకుని వేపాకు కట్టి ఇంట్లో కూర్చోవద్దు.

ఈ రెండు జాబితాల్లో ఏది కనిపించినా అదే రోజు, తర్వాతి డోసు టైము రాకముందే ఆసుపత్రిలో ఉండాలి. ఆ మందు ఆపాల్సి వస్తే వాళ్ళు వెంటనే ఆపి దాని బదులు ఫిట్స్ రాకుండా ఇంకోటి ఇస్తారు. ఇంట్లో ఆపితే ఆ రెండోది ఇచ్చేవాళ్ళు ఉండరు, తేడా అదే. మనిషి మగతలో ఉంటే 108కి ఫోన్ చేయండి.

8. నంబర్లు పెరిగాయి, ఇప్పుడేం చేయాలి

ఒకటి, బిళ్ళ ఆపొద్దు, పైన చెప్పిన గుర్తులున్నాయేమో చూడండి. రెండు, గత రెండు నెలల్లో కొత్తగా ఏం వాడారో నోటుబుక్కులో చూడండి. మూడు, ఈ మధ్య జ్వరం వచ్చిందా? డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, వానాకాలం చెడ్డ నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, ఇవన్నీ ఎస్‌జీపీటీని పెంచుతాయి. సీతంపేట, కురుపాం వైపు కొండ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి జ్వరం ఉంటే మలేరియా టెస్టు లేకుండా ఫిట్స్ బిళ్ళ మీద నేరం మోపొద్దు. నాలుగు, పాత రిపోర్ట్‌లతో డాక్టర్ దగ్గరికి. ఐదు, ఆయన చెప్పిన గడువుకి అదే ల్యాబ్‌లో మళ్ళీ టెస్టు.

మందు మార్చాల్సి వస్తే కొత్తది మెల్లగా పెంచుతూ పాతది మెల్లగా తగ్గిస్తారు, వారాలు పడుతుంది. ఆ మధ్యలో బండి నడపొద్దు, బావి దగ్గరికీ చెరువుకీ ఒంటరిగా వెళ్ళొద్దు.

9. లివర్ మీద ఇంకో బరువు వేయొద్దు

కామెర్ల పసరు, వాతలు. మన జిల్లాల్లో ఇంకా నడుస్తున్నాయి. కామెర్లు అనగానే పసరు ఇచ్చేవాళ్ళు "ఇంగ్లీషు మందులన్నీ మానేయాలి" అని పథ్యం పెడతారు, ఫిట్స్ మనిషి అది విని బిళ్ళ ఒగ్గేస్తే రెండో రోజో మూడో రోజో ఫిట్స్ మొదలవుతాయి. పసరులో ఏముందో ఎవరికీ తెలీదు, దాంతోనే లివర్ దెబ్బతినొచ్చు. వాతలతో కామెర్లు తగ్గవు, పుండు పడుతుంది. పెద్దవాళ్ళ మాట కాదనలేకపోతే కనీసం బిళ్ళ మాత్రం ఆపనివ్వకండి.

మందు, సారా, కల్లు. పైడితల్లమ్మ పండగకీ సంక్రాంతికీ రెండు రాత్రులు నిద్ర లేకుండా తాగడం, అందులో బిళ్ళ మర్చిపోవడం, మూడూ కలిస్తే ఫిట్స్ పిలిచి తెచ్చుకున్నట్టే. "తాగాను కదా బిళ్ళ వేసుకోకూడదు" అని మానేయడం ఇంకా తప్పు. తాగకుండా ఉండాలి, తాగినా బిళ్ళ మానకూడదు.

టీబీ మందులు. ఐసోనియాజిడ్, పైరజినమైడ్ లివర్‌ని ఇబ్బంది పెట్టగలవు, రిఫాంపిసిన్ చాలా ఫిట్స్ మందుల్ని రక్తంలో తగ్గించేస్తుంది, ఐసోనియాజిడ్ తిరిగి ఎప్టాయిన్, టెగ్రిటాల్ లెవెల్ పెంచుతుంది. టీబీ కోర్సు మొదలయ్యే రోజే ఫిట్స్ బిళ్ళ సంగతి చెప్పాలి, కోర్సు అయిపోయాక కూడా డోసు మళ్ళీ చూపించుకోవాలి. ఆ రెండోది అందరూ మర్చిపోతారు.

మెదడులో పురుగు గడ్డకి వారాల తరబడి ఆల్బెండజోల్ ఇస్తే ఆ రోజుల్లో ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ చేయించుకోండి. స్కూల్లో ఇచ్చే ఒక్క నులిపురుగుల బిళ్ళకి ఇదేమీ అక్కర్లేదు.

జ్వరం బిళ్ళ. పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఆ మూడు పాత మందుల్లో ఏదైనా వాడుతుంటే, లేదా మందు తాగే అలవాటుంటే, పెద్దవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా రోజుకి 650 ఎంజీ బిళ్ళలు మూడు దాటొద్దంటాను నేను. జలుబు బిళ్ళల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, అది కూడా లెక్కలోకి వస్తుంది.

10. ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పక్కర్లేదు. లివర్ భయంతో "నాకు లెవిపిల్‌కి మార్చండి" అని అడిగేముందు క్రియాటినిన్ చేయించండి. కిడ్నీ పని తగ్గినవాళ్ళకి లెవిపిల్ డోసు తగ్గించకపోతే ఒంట్లో పేరుకుపోయి మగత, తూలుడు వస్తాయి. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకి డయాలసిస్‌లో ఆ మందు కొంత బయటకి పోతుంది కాబట్టి అయిన తర్వాత అదనపు డోసు రాస్తారు, అది రాశారో లేదో చూసుకోండి. లివర్ టెస్టు, కిడ్నీ టెస్టు రెండు కాగితాలూ కలిపి డాక్టర్ ముందు పెట్టాలి.

11. పిల్లలు, ఆడపిల్లలు

రెండేళ్ళ లోపు పిల్లలకి, అందులోనూ రెండు మూడు ఫిట్స్ మందులు కలిపి వాడేవాళ్ళకి, వాల్ప్రోయేట్ వల్ల లివర్ ప్రమాదం అందరికన్నా ఎక్కువ. ఎదుగుదల సరిగ్గా లేని పిల్లలైనా, ఇంట్లో ఇంకో బిడ్డ తెలియని జబ్బుతో పోయినా, మేనరికం అయినా ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి, పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బులు (మైటోకాండ్రియా జబ్బులు) ఉంటే ఈ మందు అసలు ఇవ్వకూడదు.

పిల్లలు కనే వయసు ఆడవాళ్ళు వాల్ప్రోయేట్ వాడుతుంటే లివర్‌తో పాటు ఇంకో పెద్ద విషయం ఉంది. కడుపుతో ఉన్నప్పుడు వాడితే వందలో సుమారు పది మంది పిల్లలకి అవయవ లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల, చదువు సమస్యలు రావొచ్చని తేలింది. పెళ్ళికి ముందే, కనీసం గర్భం అనుకునే ముందే, డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. గర్భం వచ్చాక భయపడి ఒక్కసారిగా ఆపితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. ఆ మూడు పాత మందులు వాడేవాళ్ళకి మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక బిళ్ళలు సరిగ్గా పనిచేయవు, వేరే పద్ధతి అడగండి.

12. పనికి వేరే ఊరు వెళ్ళేవాళ్ళు, ఆసుపత్రిలో చేరేవాళ్ళు

వేరావల్ వేటకైనా, చెన్నై హైదరాబాద్ బిల్డింగ్ పనులకైనా వెళ్ళేటప్పుడు బ్యాగులో ఉండాల్సినవి:

- రెండు నెలలకి సరిపడా బిళ్ళలు, రెండు చోట్ల విడిగా
- చీటీ, చివరి ఎల్‌ఎఫ్‌టీ, క్రియాటినిన్ ఫోటోలు, ఫోన్‌లోనూ ఇంట్లో ఒకరి ఫోన్‌లోనూ
- మందు అసలు పేరు రాసిన కార్డు, ఎందుకంటే గుజరాత్‌లో మీ బ్రాండ్ దొరక్కపోవచ్చు
- పక్కన పడుకునే మనిషికి ఒక మాట: ఫిట్స్ 5 నిమిషాలు దాటితే అంబులెన్స్

వేరే ఏ జబ్బుకి ఆసుపత్రిలో చేరినా, కాలు విరిగినా సరే, మొదటి మాటే "ఫిట్స్ బిళ్ళ వాడుతున్నాను, ఇదీ పేరు" అని చెప్పండి. నోటితో ఏమీ తీసుకోవద్దు అని బోర్డు పెడితే "మరి ఫిట్స్ బిళ్ళ సంగతేంటి, ఇంజక్షన్ ఇస్తారా" అని అడగండి. వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో వాల్ప్రోయేట్ పడిపోయి ఫిట్స్ వస్తాయి, అందుకే ఆ పేరు కూడా కార్డు వెనక రాసి పెట్టుకోండి, డ్యూటీ డాక్టర్‌కి కార్డు రెండు వైపులా చూపించండి.